హింస పడుతున్నవారి కోసం ప్రార్థన ఐదు నిమిషాల్లోనే ఎందుకు ఆగిపోతోంది?

వందనాలు బ్రదర్. మిగతా చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్తాను. నర్సంపేట దగ్గరి ఊళ్లో మీ సంఘం శుక్రవారం ఉపవాస కూడికలో విశ్వాసం కోసం హింస పడుతున్నవారి గురించి, మత స్వేచ్ఛ గురించి ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, హింసలో ఉన్న నీ బిడ్డలను కాపాడుము" అన్నాక ఇంకేం అడగాలో ఎవరికీ తోచట్లేదు, ఐదు నిమిషాల్లో అయిపోతోంది. హింస దేవుని చిత్తమే, అది ఆగాలని అడగకూడదని ఒక పెద్దాయన అంటున్నారు. ఇది మైకులో వినపడితే ఊళ్లో గొడవవుతుందని కొందరు జంకుతున్నారు.

నా సమాధానం ఇది. వారానికి ఒక్క చోటు, ఒక్క విషయం తీసుకోండి. నిజమని తేలినంతవరకే చెప్పండి. బాధపడేవాళ్లు తమ కోసం ఏం అడగమంటున్నారో ముందు అదే అడగండి. హింసించేవాళ్ల కోసం, తీర్పు చెప్పేవాళ్ల కోసం విడిగా సమయం పెట్టండి. ఆ సేపు మైకు, లైవ్ రెండూ ఆపండి. ప్రార్థన ఆగిపోతున్నది మీవాళ్లకు భక్తి లేక కాదు. ఎవరి కోసం, దేనికోసం అడుగుతున్నామో తెలియక. మన ఊరి ఆడబిడ్డకు కాన్పు కష్టమైతే గంటసేపు మోకాళ్ల మీద ఉంటాం. ఆమె పేరు తెలుసు, ఏ ఆస్పత్రిలో ఉందో తెలుసు, ఎన్నో నెలో తెలుసు. అంత దగ్గరగా తెలిస్తే ఎక్కడో ఉన్న ఖైదీ కోసమూ మాట ఆగదు.

ఒక కేసు పెట్టి చూపిస్తాను. పాకిస్తాన్‌లో ఆసియా బీబీ అనే కూలి పనిచేసుకునే క్రైస్తవ స్త్రీని 2009లో దైవదూషణ కేసులో అరెస్టు చేశారు. 2010లో ఉరిశిక్ష వేశారు. 2014లో లాహోర్ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2018 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు నిర్దోషి అని తేల్చింది. 2019 మేలో ఆమె కెనడా చేరింది. ఈ పదేళ్లూ "ఆమెను విడిపించు ప్రభువా" అనే ఒక్క మాటనే తిప్పి తిప్పి అనవచ్చు. కానీ ఒక్కో దశలో అవసరం వేరు. అరెస్టయిన వారంలో ఆమె పిల్లలు ఎక్కడ తలదాచుకున్నారు, లాయరు దొరికాడా అన్నది అడగాలి. శిక్ష పడ్డాక ఒంటరి గదిలో మతి చెదరకుండా ఉండాలని, జైల్లో ప్రాణహాని లేకుండా ఉండాలని అడగాలి. అప్పీలు దశకు వస్తే ప్రార్థన అంతా న్యాయమూర్తుల ధైర్యం మీదికి వెళ్లాలి, ఎందుకంటే అక్కడ సాక్ష్యం కంటే బయటి గుంపు భయమే పెద్దది. నిర్దోషి అన్నాక ఆపేస్తే తప్పు. తీర్పు వచ్చిన రోజు నుంచే వీధుల్లో అల్లర్లు రేగాయి, ఆమె దేశం దాటడానికి ఇంకా ఆరు నెలలు పట్టింది.

ఇదే కేసులో ఇంకొకటి గమనించండి. ఆమె పక్షాన మాట్లాడినందుకు 2011 జనవరిలో పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ను ఆయన అంగరక్షకుడే కాల్చి చంపాడు. ఆయన ముస్లిం. అదే ఏడాది మార్చిలో మంత్రి షహబాజ్ భట్టీని చంపారు, ఆయన క్రైస్తవుడు. సుప్రీంకోర్టులో ఆమె తరఫున వాదించిన లాయరు ముస్లిం, విడుదల చేసిన న్యాయమూర్తులూ ముస్లింలే. "ఫలానా మతంవాళ్ల చేతిలోంచి విడిపించు" అని ప్రార్థించే గుంపుకు ఈ సంగతి కనపడదు. దేవుడు ఎవరి చేతుల ద్వారా విడుదల పంపుతున్నాడో వాళ్లకే వ్యతిరేకంగా ప్రార్థిస్తుంటారు.

సమయం ఎలా పంచుకోవాలంటే, నలభై నిమిషాలు చాలు. మొదటి ఐదు నిమిషాలు ఒక విలాప కీర్తన: 10, 13, 74, 79, వీటిలో ఒకటి, ఒక్కరే నెమ్మదిగా చదవాలి. తర్వాత ఐదు నిమిషాలు సమాచారం. దీనికి ఒక పేజీ దాటకూడదు, ఎనిమిది పది వాక్యాలు. ఎక్కడ, ఏం జరిగింది, ఎప్పుడు, ఇప్పుడు పరిస్థితి ఏంటి, వాళ్లు ఏం అడుగుతున్నారు. తర్వాత పదిహేను నిమిషాలు బాధితుల కోసం, కుటుంబాల కోసం, వాళ్ల సంఘం కోసం. పది నిమిషాలు హింసించేవాళ్ల కోసం, అధికారుల కోసం, జడ్జీల కోసం. చివరి ఐదు నిమిషాలు మౌనం. మౌనం దగ్గర మన సంఘాలకు ఇబ్బంది. రెండో నిమిషానికే ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు. ముందే చెప్పి పెట్టండి.

ముగ్గురు నలుగురు కలిసి చిన్న గుంపులుగా చేస్తే ఇంకా బాగుంటుంది. ఒక్కరే పెద్ద గొంతుతో చేస్తే మిగతావాళ్లు ఆమెన్‌లకే పరిమితమవుతారు. ముసలమ్మలకు కాగితం చదవడం రాకపోతే ప్రతి గుంపులో చదివే పిల్ల ఒకతె ఉండేలా చూడండి.

బాధితులు ఏం అడుగుతారన్నది ముఖ్యం. మనం ముందుగా అడిగేది విడుదల. వాళ్లు ముందుగా అడిగేది చాలాసార్లు అది కాదు. అపొస్తలుల కార్యములు 4లో పేతురు, యోహానులను బెదిరించి వదిలాక సంఘం కూడి, ఆ బెదిరింపులను చూడమని దేవునికి చెప్పి, వాక్యం ధైర్యంగా చెప్పే శక్తి ఇమ్మని అడిగింది. బెదిరింపులు తీసివేయమనలేదు. పౌలు సంకెళ్లలో ఉండి ఎఫెసీయులకు రాసినప్పుడు (6:19-20) తన కోసం కోరింది కూడా ఆ ధైర్యమే. కాబట్టి మీ వరుస ఇలా ఉండొచ్చు: నిలబడే బలం, తర్వాత శరీరానికి కావలసినవి, తర్వాత విడుదల. శరీరానికి కావలసినవి అంటే పేరు పెట్టి అడగండి: షుగర్ మందులు, బెయిల్ తేదీ, జామీనుదారు, పిల్లల ఫీజు, కాలిపోయిన ఇంటికి రేకులు, పనిలోంచి తీసేస్తే ఈ నెల బియ్యం.

ఒక గుంపును అందరూ మరచిపోతారు. భయపడి వెనక్కి వెళ్లినవాళ్లు, దెబ్బలకు తాళలేక విశ్వాసం వదిలేశామని సంతకం పెట్టినవాళ్లు. వాళ్ల కోసం చేసేటప్పుడు ఎత్తిపొడుపు రాకూడదు. ఆ రాత్రి పేతురు మూడుసార్లు ఎరుగనన్నాడు, ప్రభువు మళ్లీ పిలిచాడు. ఆ మాటే పట్టుకుని అడగండి.

ప్రార్థన నమూనా అడిగారు. అచ్చు ఇలాగే చేయమని కాదు, ఎంత సూటిగా ఉండొచ్చో చూడటానికి:

"తండ్రీ, ఆ జైల్లో ఉన్న నీ సేవకుడి పేరు నీకు తెలుసు. ఈ రాత్రి నిద్ర ఇయ్యి. మందులు అందనియ్యి. సోమవారం కేసు విచారణకు వస్తోంది, ఆ జడ్జి ఎవరికీ జడవకుండా ఉన్నది ఉన్నట్టు చూసే మనసు ఇయ్యి. ఇంటిని తగలబెట్టిన పిల్లలను వాళ్ల తల్లులకు అప్పగించు, మళ్లీ ఆ చేతులు అగ్గిపెట్టె పట్టకుండా చెయ్యి. అతని భార్య ఈ వారం కూలికి పోయే ధైర్యం తెచ్చుకోవాలి ప్రభువా. మేము మరచిపోకుండా చెయ్యి."

ఇప్పుడు పెద్దాయన మాట. ఆయనది పూర్తిగా తప్పు కాదు. శ్రమ వస్తుందని ప్రభువు ముందే చెప్పాడు. అయితే 1 తిమోతి 2:1-2లో రాజుల కోసం, అధికారుల కోసం విజ్ఞాపన చేయమన్నది మనం నెమ్మదిగా, సుఖంగా బతకాలనే. అదే పౌలు ఫిలిప్పీలో అన్యాయంగా కొట్టి జైల్లో వేస్తే, రోమా పౌరులమని చెప్పి, అధికారులే వచ్చి బయటికి తీసుకెళ్లాలన్నాడు. అపొస్తలుల కార్యములు 25లో కైసరుకు అప్పీలు చేసుకున్నాడు. శ్రమకు సిద్ధపడటం, న్యాయం అడగటం రెండూ ఒకే మనిషి చేశాడు.

దీనితోపాటు కూడికల్లో తరచూ వినిపించే ఇంకో మాట ఉంది: "హింస వస్తేనే సంఘం పెరుగుతుంది." దయచేసి హింసలో ఉన్నవాళ్ల గురించి ఈ మాట అనకండి. కొన్నిచోట్ల పెరిగింది, నిజమే. కొన్నిచోట్ల తుడిచిపెట్టుకుపోయింది. జపాన్‌లో 1614లో క్రైస్తవ్యాన్ని నిషేధించాక వేలమంది చనిపోయారు, మిగిలినవాళ్లు గురువులు లేకుండా, గుడి లేకుండా, బాప్తిస్మం తామే ఇచ్చుకుంటూ రెండు వందల యాభై ఏళ్లు దాగి బతికారు. 1865లో నాగసాకిలో కొత్తగా కట్టిన చర్చికి కొందరు గ్రామస్తులు వచ్చి తమ విశ్వాసమూ ఇదేనని ఫాదర్‌తో మెల్లగా చెప్పేదాకా లోకానికి వాళ్లు ఉన్నట్టే తెలియదు. నిషేధం తొలగింది 1873లో. పెరుగుదల లెక్కలు వాళ్ల కథకు సరిపోవు. ప్రార్థనలో లెక్కలు, పోటీలు వద్దు.

వార్త తనిఖీ. ఎక్కువగా చెడేది ఇక్కడే. వాట్సాప్‌లో ఒక వీడియో వస్తుంది, చర్చి తగలబడుతుంటుంది, "ఈ రాత్రే ప్రార్థించండి, పదిమందికి పంపండి" అని ఉంటుంది. అది ఎనిమిదేళ్ల కిందటిది కావచ్చు, వేరే దేశానిది కావచ్చు, కరెంటు షార్ట్ సర్క్యూట్ కావచ్చు. దాన్ని కూడికలో పెడితే మీవాళ్లు జరగని పని మీద కోపం పెంచుకుంటారు. పద్ధతి ఇది: తేదీ, ఊరు, జిల్లా లేని వార్త కూడికకు రాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చోట్ల నుంచి తెలియాలి. ఒకే మెసేజ్ ఐదు గ్రూపుల్లో వస్తే అది ఒక్కటే లెక్క. వీలైతే ఆ జిల్లాలోని ఏదో ఒక సంఘం పెద్దతో ఫోన్లో మాట్లాడాలి. వీడియోలోని ఒక బొమ్మను గూగుల్ లెన్స్‌లో పెడితే పాతదైతే తరచూ దొరికిపోతుంది. తేలకపోతే వారం ఆగండి. దేవునికి మన ఫార్వర్డ్ అందేదాకా తెలియదని కాదు కదా.

ఒక పెద్ద నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, చోటు, విషయం, ఎవరి ద్వారా తెలిసింది, మళ్లీ ఎప్పుడు కనుక్కోవాలి, ఏమైంది. చివరి గడి ఖాళీగా ఉండిపోయే పేర్లు ఉంటాయి. నైజీరియాలో దాప్చి బడి నుంచి 2018 ఫిబ్రవరిలో 110 మంది ఆడపిల్లలను ఎత్తుకెళ్లారు. నెల తిరిగేసరికి చాలామందిని వదిలేశారు, విశ్వాసం వదలనన్నందుకు లియా షారిబు అనే, అప్పటికి పద్నాలుగేళ్ల పిల్లను మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు. ఇలాంటి పేర్లు మూడు నెలలకోసారి మళ్లీ కూడికకు రావాలి. మొదటి వారం ఉన్న వేడి తర్వాత ఉండదు, అందుకే పుస్తకం.

ఇంకో తప్పు, ప్రతి ఇబ్బందినీ హింస అనడం. పట్టా లేని జాగాలో షెడ్డు వేస్తే పంచాయతీ నోటీసు ఇస్తుంది, అది హింస కాదు. రాత్రి పదకొండింటికి మైకు మోగితే పక్కింటాయన కంప్లైంట్ ఇస్తాడు, అదీ కాదు. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు, పగలు వాడాలన్నా అనుమతి కావాలి, ఇళ్ల మధ్య పరిమితి పగలు 55 డెసిబెల్స్. మన తప్పు సరిదిద్దుకోకుండా హింస అని ప్రార్థిస్తే నిజంగా దెబ్బలు తిన్నవాళ్ల మాటకు విలువ తగ్గుతుంది.

అదే సమయంలో, మన కళ్ల ముందు ఉన్నదాన్ని మనం కూడికలో పలకనే పలకం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. క్రైస్తవ్యం తీసుకున్న దళితులు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు, ఒక శాతం రిజర్వేషన్. ఊళ్లో వాడ మారదు, పిలిచే పిలుపు మారదు, సర్టిఫికెట్ మాత్రం మారుతుంది. అందుకని వరంగల్, మహబూబాబాద్, జనగామ పల్లెల్లో ఎంతోమంది ఆదివారం గుడికి వస్తూ కాగితం మీద తమ విశ్వాసం చెప్పుకోలేకుండా ఉన్నారు. పిల్లవాడి సీటు పోతుందని తల్లి బాప్తిస్మం వాయిదా వేస్తుంది. దీని మీద 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. మీ కూడికలో నెలకు ఒక శుక్రవారం దీనికి ఇవ్వండి. ఎవరినీ వేలెత్తి చూపకుండా, ఎవరి కాగితం ఏమిటని అడగకుండా, ఈ ముడి విడిపోవాలని అడగండి. ఎక్కడో ఉన్న దేశం కోసం కన్నీళ్లు పెట్టి మన వాడ సంగతి దాచడం నాకు న్యాయంగా అనిపించదు.

మత స్వేచ్ఛ కోసం ప్రార్థన అంటే అందరి స్వేచ్ఛ కోసం. రాజ్యాంగం 25వ అధికరణం అంతఃకరణ స్వేచ్ఛను, మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కును అందరికీ ఇచ్చింది, శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యానికి లోబడి. మన నేల మీదే చూడండి: నిజాం సంస్థానంలో హిందువుల మత స్వేచ్ఛ కోసం 1938-39లో ఆర్యసమాజం సత్యాగ్రహం చేసింది, వేలమంది జైళ్లకు వెళ్లారు. మీ పక్కింటి పెద్దాయన తాత ఆ జైల్లో ఉండి ఉండొచ్చు. ఇరాక్‌లో 2014లో యజీదీలు అనే చిన్న మతంవాళ్లు, మయన్మార్ నుంచి 2017లో తరిమేసిన రోహింగ్యా ముస్లింలు, 2020 మార్చిలో కాబూల్ గురుద్వారాలో కాల్పులకు బలైన సిక్కులు, పాకిస్తాన్‌లో అహ్మదీలు, ఇరాన్‌లో బహాయీలు, వీళ్లంతా మీ జాబితాలో ఉండాలి. మూడు వారాలు క్రైస్తవుల కోసమైతే నాలుగో వారం ఇతరుల కోసం. మనవాళ్లకే స్వేచ్ఛ అడిగితే అది స్వార్థమే అవుతుంది.

హింసించేవాళ్ల కోసం చేసేటప్పుడు గొంతులో శాపం దూరుతుంది. "వాళ్ల చేతులు ఎండిపోవాలి" అని ఎవరైనా మొదలుపెడితే నడిపేవాళ్లు మెల్లగా ఆపి మత్తయి 5:44 చదవాలి. కోపం ఉండకూడదని కాదు. విలాప కీర్తనల్లో కావలసినంత కోపం ఉంది, కానీ అది దేవుని ముందు పెట్టిన కోపం, పొరుగువాడి మీదికి విసిరింది కాదు. ఒడిశాలో 1999 జనవరిలో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఇద్దరు చిన్న కొడుకులను జీపులో తగలబెట్టి చంపితే, ఆయన భార్య గ్లాడిస్ చంపినవాళ్లను క్షమిస్తున్నానని చెప్పి, బారిపదలో కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. క్షమాపణ ఉన్నా కేసు ఆగలేదు, నేరస్తులకు శిక్ష పడింది. రెండూ కలిసి నడుస్తాయి.

ఇక భయం సంగతి. మైకు ఆపమన్నది పిరికితనంతో కాదు. ఇతర రాష్ట్రాల్లో కేసులున్నవాళ్ల పేరు, ఊరు మీ యూట్యూబ్ లైవ్‌లో వినిపిస్తే అక్కడ వాళ్లకు ప్రమాదం. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ లాంటి రాష్ట్రాల్లో మతమార్పిడి నిరోధక చట్టాలు ఉన్నాయి, తెలంగాణలో అలాంటి చట్టం లేదు. కాబట్టి ఇక్కడ మామూలుగా అనిపించే మాట అక్కడ కేసులో సాక్ష్యం కావచ్చు. పేరు బదులు "ఒక కాపరి", ఊరు బదులు రాష్ట్రం చాలు. చదివిన కాగితాలు వెనక్కి తీసుకోండి, ఫొటో తీయనివ్వకండి. పేపర్లో ఇప్పటికే అచ్చయిన పేర్లకు ఈ నియమం అక్కర్లేదు.

మీ కూడికకే ఎవరైనా అడ్డొస్తే: వాదన వద్దు, స్త్రీలను, పిల్లలను ముందు లోపలికి పంపి 100కో 112కో ఫోన్ చేయండి. ఎవరో ఒకరు సమయం, మాటలు రాసి పెట్టాలి. చట్టబద్ధంగా జరిగే ఆరాధనను కావాలని చెడగొట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 300 కింద నేరం, ఏడాది వరకు జైలు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా తీసుకోండి. స్టేషన్లో తీసుకోకపోతే పోస్టులో పై అధికారికి పంపొచ్చు: మీది వరంగల్ కమిషనరేట్ కాబట్టి పోలీస్ కమిషనర్‌కి, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వాళ్లయితే ఎస్పీకి. లాయరుకు డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేయవచ్చు. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితం. ఎస్సై గారి పేరు కూడా మీ నోటుబుక్కులో రాసుకోండి, గొడవ వచ్చినప్పుడే కాదు, ముందునుంచే ఆయన కోసం ప్రార్థించండి.

నవంబరు మొదటి ఆదివారం చాలా దేశాల్లో హింస పడుతున్న సంఘం కోసం ప్రార్థన దినం. మన దగ్గర అది పత్తి ఏరే, వరి కోసే కాలం, సాయంత్రం కూడిక పెడితే ఎవరూ రారు. ఉదయం ఆరాధనలోనే ఇరవై నిమిషాలు తీసుకోండి. ఆగస్టు 22 ఐక్యరాజ్యసమితి ప్రకటించిన రోజు, మతం లేదా నమ్మకం కారణంగా హింసకు గురైనవారి జ్ఞాపకార్థం. ఆ వారంలోని శుక్రవారాన్ని ఇతర మతాలవాళ్ల కోసం పెట్టుకోవచ్చు.

ఈ శుక్రవారానికి లియా షారిబు పేజీతో మొదలుపెట్టండి. పిల్ల పేరు, ఎత్తుకెళ్లినప్పటి వయసు, బడి పేరు చెప్పగానే మీ స్త్రీల సమాజం వాళ్లకు ఇంకేం చెప్పనక్కర్లేదు, అందరి ఇళ్లలో ఆ వయసు పిల్లలున్నారు. రెండో వారం సర్టిఫికెట్ ముడి, మూడో వారం మన దేశంలోనే మీరు ఫోన్ చేసి నిర్ధారించుకున్న ఒక కేసు, నాలుగో వారం యజీదీలు. నెల అయ్యాక ఎక్కడ ఆగిపోతున్నారో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.